పెకోటాకు న్యాయం జరగాలి

ఒక బేస్‌బాల్ ఆటగాడు జోస్యం చెప్పినంతగా బ్యాటింగ్ చేయని ఈ మొత్తం వ్యవహారంలో అసలు బాధితులెవరని ఇన్నేళ్లయినా ఎవరూ అడగలేదు. అమెరికాలోని బాల్టిమోర్ అభిమానులు బాధపడ్డారు, నిజమే. 60 లక్షల డాలర్ల బోనస్ ఇచ్చిన ఆ ఊరి జట్టు ఓరియోల్స్ యాజమాన్యం బాధపడింది, అదీ నిజమే. మ్యాట్ వీటర్స్ అనే ఆ కుర్ర క్యాచర్ కూడా ఎంతో కొంత బాధపడే ఉంటాడు. కానీ 2009 సీజన్ మొదలవకముందే అతని కోసం పాత ఆటగాళ్ల చరిత్రలన్నీ తిరగేసి, లెక్కలు కట్టి, మూడు దశాంశ స్థానాల దాకా జోస్యం చెప్పిన ఒక కంప్యూటర్ ప్రోగ్రామ్ గతేమిటి? దాని పేరు పెకోటా. దాని తరఫున మాట్లాడే దిక్కు లేదు కనుక ఆ బరువు నేనే నెత్తికెత్తుకుంటున్నాను.

బేస్‌బాల్ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. క్యాచర్ అంటే దాదాపు మన వికెట్ కీపరే. హోమ్ ప్లేట్ (బ్యాటర్ నిలబడే చోటు) వెనక మాస్కు తగిలించుకుని గొంతుక్కూర్చుని, ఆటకు నూటికి పైగా బంతులు అందుకోవాలి. ఏ బంతి వేయాలో పిచ్చర్‌కి, అంటే బౌలర్‌కి, సూచించాలి. సందు చూసుకుని రెండో బేస్‌కి (పరుగు తీసేవాడు వరసగా తాకాల్సిన గుర్తుల్లో రెండోదానికి) ఉరికేవాడిని, కూర్చున్నవాడు లేచి విసిరి అవుట్ చేయాలి. బ్యాట్ అంచుకు తగిలి దారి తప్పిన బంతులు ఒంటి మీద ఎక్కడ పడితే అక్కడ తగులుతుంటాయి. ఇంత చాకిరీ చేశాక తన వంతు రాగానే మోకాళ్లు సాపు చేసుకుని వెళ్లి, గంటకు 150 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతిని అర సెకను కూడా లేని వ్యవధిలో కొట్టాలి. అందుకే క్యాచర్లు మొత్తమ్మీద మిగతావాళ్ల కంటే తక్కువ కొడతారు. ఆ సంగతి అందరికీ తెలుసు, క్షమిస్తారు కూడా. జోస్యం లేనంతవరకు.

(కీపర్ బ్యాట్ కోసం ఎదురుచూడటం మనకూ కొత్త కాదు. రంజీల్లో ట్రిపుల్ సెంచరీ కొట్టిన తొలి వికెట్ కీపర్ మన విశాఖ కుర్రాడు కె.ఎస్.భరత్. 7 టెస్టుల్లో అతని అత్యధిక స్కోరు 44. స్పిన్‌కి వికెట్ల వెనక ఎంత బాగా నిలబడ్డాడో చెప్పబోతే వినేవాళ్లు లేరు. అయితే భరత్ పరుగులను ముందే మూడు దశాంశాల దాకా ఎవరూ రాసి పెట్టలేదు. అదృష్టవంతుడు.)

వీటర్స్‌కి ఆ అదృష్టం లేదు. ఆరడుగుల ఐదంగుళాల మనిషి. కుడివైపు, ఎడమవైపు రెండు పక్కలా నిలబడి కొట్టగలడు. జార్జియా టెక్‌లో చదువుతూ క్యాచర్‌గా ఆడింది చాలక, ఆట చివర్లో బంతి కూడా విసిరేవాడు. జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే 2007 డ్రాఫ్ట్‌లో ఓరియోల్స్ అతన్ని ఐదో ఆటగాడిగా తీసుకుంది. మరుసటి ఏడాది మేజర్ లీగ్‌కి కింది మెట్టైన మైనర్ లీగ్స్‌లో .355 సగటుతో 27 హోమ్ రన్లు (మన సిక్సర్ల లాంటివి) కొడితే, బేస్‌బాల్ అమెరికా పత్రిక ఆ ఏటి ఉత్తమ మైనర్ లీగ్ ఆటగాడిగా ఎంపిక చేసింది. ఇక బాల్టిమోర్ సంగతి చూడండి. 1998 నుంచి వరుసగా 11 సీజన్లు, గెలిచిన ఆటల కంటే ఓడినవే ఎక్కువ. అలాంటి ఊరికి ఇలాంటి కుర్రాడు దొరికితే జనం నిలకడగా ఉంటారా? అతని మహిమలు చెప్పుకోవడానికి ఏకంగా ఒక వెబ్‌సైటే పెట్టారు. అందులో అతనికి అసాధ్యమైనది ఏదీ లేదు. మరికొందరు 'పవర్ ఉన్న మావర్' అని బిరుదిచ్చారు. అప్పటికే రెండుసార్లు లీగ్ బ్యాటింగ్ టైటిల్ గెలిచిన మరో క్యాచర్ జో మావర్‌కి ఏదో లోటుందట, దాన్ని ఈ కుర్రాడు పూడుస్తాడట.

ఇదంతా భక్తి. భక్తికి పూచీ ఉండదు కాబట్టి దాన్ని ఈ కేసులోకి లాగను. పెకోటా అలా కాదు. మేజర్ లీగ్‌లో ఒక్క బంతి కూడా ఎదుర్కోని కుర్రాడు 2009లో .311 కొడతాడని తేల్చింది. అంటే వెయ్యిసార్లలో 311 హిట్లు (బంతిని కొట్టి అవుట్ కాకుండా బేస్ చేరితే అది హిట్). పదింటికి మూడు కొట్టినవాణ్ణి నెత్తిన పెట్టుకునే ఆటలో మూడు చాలక ఆపైన మరో పదకొండు వేలవంతులు కలిపి చెప్పింది. పెళ్లిచూపులు కూడా కాకముందే పుట్టబోయే మనవడి జాతకం రాసివ్వడం లాంటిది ఇది. రాయడం దాని ధర్మం, రాసింది. నడుచుకోవలసిన బాధ్యత ఎవరిది?

ఈ పెకోటాను తయారు చేసినాయన సామాన్యుడు కాదు. నేట్ సిల్వర్. 2008 అధ్యక్ష ఎన్నికల్లో 50 రాష్ట్రాలకు గాను 49 రాష్ట్రాల్లో ఎవరు గెలుస్తారో సరిగ్గా చెప్పాడు. కోట్లాది ఓటర్లున్న 49 రాష్ట్రాలు బుద్ధిగా ఆయన మాట విన్నాయి. ఎదురుతిరిగింది ఇద్దరే: ఇండియానా రాష్ట్రం, మ్యాట్ వీటర్స్. ఇండియానా ఓటర్లు లక్షల మంది, అందరితోనూ మాట్లాడి ఒప్పించలేం. ఇతనొక్కడే కదా!

ఇక నేరం జరిగిన తీరు. సీజన్ మొదలైన రెండు నెలల దాకా జట్టు అతన్ని నార్‌ఫోక్‌లోని మైనర్ లీగ్ జట్టులోనే ఉంచింది. ఆటగాడికి ఏ జట్టుతోనైనా బేరం పెట్టుకునే స్వేచ్ఛ రావాలంటే మేజర్ లీగ్‌లో ఆరేళ్ల సర్వీసు నిండాలి కాబట్టి, ఆ గడియారాన్ని ఎంత ఆలస్యంగా మొదలుపెడితే యాజమాన్యానికి అంత లాభం. చివరికి మే 29న డెట్రాయిట్ టైగర్స్ మీద దించారు. క్యామ్డెన్ యార్డ్స్ స్టేడియం కిటకిటలాడింది. నాలుగుసార్లు బ్యాటింగ్‌కి వచ్చాడు, హిట్లు సున్నా. మర్నాడు మాత్రం జస్టిన్ వర్లాండర్ అంతటి పిచ్చర్ బంతిని బాది మూడో బేస్ దాకా పరిగెత్తాడు. నన్నడిగితే మొదటిరోజు సున్నా కంటే ఇదే పెద్ద నేరం. ఆశ వదులుకుందామనుకున్న వాళ్లను వదులుకోనివ్వలేదు.

ఆ ఏడాది .288తో ముగించాడు. ఏ తల్లిదండ్రులైనా సంతోషించే అంకే, పెకోటా మాత్రం సంతోషించలేదు. 2010లో .249, హోమ్ రన్లు 11. అదే ఏడాది శాన్ ఫ్రాన్సిస్కోలో బస్టర్ పోసీ అనే మరో కుర్ర క్యాచర్, అతనూ డ్రాఫ్ట్‌లో ఐదోవాడే, అతనూ మే నెలాఖరులోనే పైకొచ్చినవాడే, .305 కొట్టి మేజర్ లీగ్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్ గెలిచాడు. పక్కింటబ్బాయి ర్యాంకు చూపించి తిట్టించుకున్న వాళ్లెవరికైనా ఆ ఏడాది బాల్టిమోర్‌లో వాతావరణం ఎలా ఉండి ఉంటుందో నేను వేరే చెప్పక్కర్లేదు.

తర్వాత నిందితుడు దృష్టి మళ్లించే ప్రయత్నాలు చాలా చేశాడు. 2011లో 22 హోమ్ రన్లు కొట్టాడు. ఆ ఏడాదీ, మరుసటి ఏడాదీ ఉత్తమ ఫీల్డింగ్‌కి ఇచ్చే గోల్డ్ గ్లవ్ అందుకున్నాడు. నాలుగుసార్లు ఆల్ స్టార్ అయ్యాడు. అతను ప్లేట్ వెనక కూర్చోగా 2012లో ఓరియోల్స్ 93 ఆటలు గెలిచి, 1997 తర్వాత మొదటిసారి ప్లేఆఫ్స్ చూసింది. బాగానే ఉంది. కానీ ఇవేవీ జోస్యంలో అడిగినవి కావు. బ్యాటింగ్ సగటు అడిగితే గోల్డ్ గ్లవ్ తెచ్చి చేతిలో పెడితే ఎలా?

2014 ఉదంతం మరీ అనుమానాస్పదం. ఆ వసంతంలో 26 ఆటలాడి .308 మీదున్నాడు. బాకీ తీరడానికి ఇంకా మూడంటే మూడు వేలవంతులు. సరిగ్గా అప్పుడు మోచేయి పోయింది, టామీ జాన్ ఆపరేషన్ (మోచేతి లిగమెంటు మార్చేది) పడింది, సీజన్ అక్కడితో సరి. క్యాచర్ రోజూ వందసార్లు విసిరితే మోచేయి అరుగుతుందని డాక్టర్లు చెప్పవచ్చు. డాక్టర్లు ఎప్పుడూ అలాగే చెబుతారు.

నా కేసులో ఒక చిన్న లొసుగు ఉంది. ప్రతివాది లాయర్లు ఎలాగూ పట్టుకుంటారు కాబట్టి నేనే చెప్పేస్తాను. పెకోటా అనే పేరు బిల్ పెకోటా అనే పాత ఆటగాడిది. ఎక్కువగా కాన్సస్ సిటీ రాయల్స్‌కి ఆడాడు. ఏ స్థానంలో నిలబెడితే ఆ స్థానంలో నిలబడే సగటు మనిషి. కెరీర్ బ్యాటింగ్ సగటు .249. మ్యాట్ వీటర్స్ 12 సీజన్లాడి 2020లో ముగించినప్పుడు అతని కెరీర్ సగటు కూడా .249. జోస్యానికి పేరిచ్చినవాడి అంకెను దాటకుండా ఇంత వినయంగా నడుచుకున్నవాణ్ణి శిక్షించాలా అని వాళ్లు అడుగుతారు. వాళ్ల వాదనలో పస లేదని నా అభిప్రాయం.

ఇంత జరిగినా బాల్టిమోర్‌కి బుద్ధి రాలేదు. 2019 డ్రాఫ్ట్‌లో అందరికంటే ముందు తీసుకున్నది ఎవరిని? క్యాచర్‌నే. ఆడ్లీ రచ్‌మన్, 81 లక్షల డాలర్లు, ఇతనూ రెండు పక్కలా కొడతాడు, ఇతని తొలి హిట్ కూడా మూడో బేస్ దాకా వెళ్లిందే. మొదటి రెండేళ్లు పద్ధతిగానే నడిచింది, జట్టు 2023లో 101 ఆటలు గెలిచింది. 2024 జూలై దాటాక బ్యాట్ మూగబోయింది. 2025లో పక్కటెముకల కండరాలు రెండుసార్లు పట్టేసి, .220 దగ్గర ఆగాడు. ఆ ఆగస్టులో 21 ఏళ్ల శామ్యూల్ బసాయోని దించారు. అతనూ క్యాచరే. వచ్చిన వారంలోపే 8 ఏళ్లకు 6 కోట్ల 70 లక్షల డాలర్లు రాసిచ్చారు.

కాబట్టి నా కోరిక ఒక్కటే. ఇకమీదట ఏ క్యాచర్ చేతనైనా జోస్యం కాగితం మీద ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం పెట్టించాకే బ్యాట్ ఇవ్వాలి. చిక్కల్లా ఒక్కచోటే వస్తోంది. పెకోటా పిచ్చర్లకు కూడా జోస్యం చెబుతుంది, ఫలానావాడు ఇంతమందిని అవుట్ చేస్తాడని. వాళ్లలో కొందరు వీటర్స్‌ని అవుట్ చేసే ఆ మాట నిలబెట్టుకున్నారు. వాళ్లను సన్మానించాలో, కుట్రదారుల జాబితాలో చేర్చాలో తేలడం లేదు. ప్రస్తుతానికి సాక్షులుగా పిలుస్తున్నాను.