చందాల లిస్టుని పౌండ్లలోకి మార్చిన వర్డ్ ప్రాసెసర్ గారికి

మహారాజశ్రీ వర్డ్ ప్రాసెసర్ గారి దివ్యసముఖానికి,

మా కాలనీ వినాయక చవితి ఉత్సవ కమిటీ కార్యదర్శి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

మా కోశాధికారి గారు చందాల లెక్క ఫోన్లోనే రాసుకుంటారు. పేరు, పక్కన అంకె, అంతే. టేబుల్ లేదు, బొమ్మ లేదు, కనీసం అక్షరాలు బోల్డు చెయ్యడం కూడా లేదు. ఉత్త టెక్స్ట్ ఫైలు. దాన్ని ప్రింటు తీసి మండపం దగ్గర అంటిద్దామని మీ చేతికిచ్చాను. మీరేమో నా కంప్యూటర్లో గిగాబైట్ల కొద్దీ జాగా తీసుకుని కూర్చున్నారు. పై చార్టులు గీస్తారు, సర్టిఫికెట్లకి పూల అంచులు వేస్తారు, ఒకే ఉత్తరాన్ని వందమంది పేర్లతో తయారుచేస్తారు. ఇంతటి ఘనులు ఓ పేజీ టెక్స్ట్ తెరవలేకపోతారా అనుకున్నాను.

తెరవలేదంటే అబద్ధమే అవుతుంది. తెరిచారు.

మా రమణ గారు 1,116 రాయించారు. మీరు తెరిచిన పేజీలో ఆయన పేరు ఇలా ఉంది: 'ర' ఉండాల్సిన చోట నెత్తిన చిన్న గీత ఉన్న ఇంగ్లీషు 'ఏ', దాని వెంట రెండు డిగ్రీ గుర్తులు. మనిషికి జ్వరమన్నమాట. 'మ' దగ్గర మళ్ళీ అదే ఏ, ఒక డిగ్రీ, ఆపైన సున్నాలో ఇరుక్కున్న ఆర్, అంటే రిజిస్టర్డ్ ట్రేడ్‌మార్క్. ఇక 'ణ' దగ్గర ఏ, డిగ్రీ, బ్రిటిష్ పౌండు గుర్తు. ఆ పౌండును ఆనుకుని 1,116. అంకెల జోలికి మాత్రం మీరు వెళ్ళలేదు, మర్యాదస్తులు. కాబట్టి మీ లెక్కలో రమణ గారు వినాయకుడికి 1,116 పౌండ్లు సమర్పించుకున్నారు. మనిషి పోయిన ఏడాది 516 ఇవ్వడానికే నన్ను మూడు అంతస్తులు ఎక్కించాడు.

సుగుణ గారివీ పౌండ్లే. లత గారి పేరు చివర ఏ దేశానిదో చెప్పని డబ్బు గుర్తు పడింది. మీ దగ్గర 'ఢ' సెంటుతో, 'థ' జపాన్ యెన్‌తో ముగుస్తాయి. 'ల' నెత్తిన రెండు, 'ళ' నెత్తిన మూడు, అంటే ఒకటి వర్గం, ఇంకొకటి ఘనం. ఇంత విదేశీ మారకం ఒక్కసారిగా వచ్చి పడితే మా కమిటీ తట్టుకోగలదా? ఆదాయపు పన్ను వాళ్ళొస్తే సంజాయిషీ ఎవరు చెప్పాలి?

మీకు తెలియనిదేమీ కాదు గానీ, గుర్తుచేస్తాను. ప్రపంచ భాషల అక్షరాలకి తలో అంకె ఇచ్చే యూనికోడ్ పట్టిక మొదటి కూర్పులోనే, 1991లో, తెలుగుకి చోటిచ్చారు. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ కలిసి, ఆ అంకెల్ని ఫైల్లో దాచే పద్ధతి యూటీఎఫ్-8 తయారుచేశారు. అందులో మన అక్షరమైనా, గుణింతం గుర్తయినా మూడేసి బైట్లు, అంటే 0 నుంచి 255 లోపు మూడు అంకెలు. మొదటి బైటు ఎప్పుడూ 224. రెండోది 176 గాని 177 గాని. తేడా అంతా మూడోదాంట్లోనే. పేజీ నిండా ఆ వరసే కనబడుతుంటే ఎవరికైనా ఇది తెలుగేమోనని అనుమానం రావాలి. మీకు రాలేదు. ఒక్కో బైటుని ఒక్కో అక్షరంగా లెక్కేసి, పశ్చిమ యూరప్ భాషల కోసం చేసిన పాత విండోస్-1252 పట్టికలో వెతికి, దొరికింది దొరికినట్టు పేర్చేశారు. పైగా ఎక్కడా చిన్న తడబాటు లేదు! ఆ ఆత్మవిశ్వాసం చూస్తే ముచ్చటేస్తుంది.

ఫైలు మొదట్లో 239, 187, 191 అని మూడు బైట్లు పెడితే మాత్రం మీరు చక్కగా గుర్తుపడతారట. ఇది యూటీఎఫ్-8 అని చెప్పే ఆ గుర్తుని బామ్ అంటారు. బొట్టు పెట్టి పిలిస్తే గాని తెలుగు పలకరన్నమాట.

ఊహించి చదవడం మీ వాళ్ళకి కొత్త కాదులెండి. విండోస్ ఎక్స్‌పీ కాలం నోట్‌ప్యాడ్‌లో 'బుష్ హిడ్ ద ఫ్యాక్ట్స్' (బుష్ నిజాలు దాచాడు) అని ఇంగ్లీషులో రాసి, దాచి, మళ్ళీ తెరిస్తే చైనా అక్షరాలు వచ్చేవి. అమెరికా ప్రభుత్వం కుట్ర అని నమ్మినవాళ్ళూ ఉన్నారు. కుట్రా లేదు, పాడూ లేదు, నోట్‌ప్యాడ్ ఆ బైట్లని చూసి యూనికోడ్‌లోనే ఇంకో పద్ధతి అని తప్పుగా ఊహించింది, అంతే. ఆ నోట్‌ప్యాడ్ కూడా 2019 నుంచి బామ్ లేని యూటీఎఫ్-8కే మొదటి పీట వేసింది. మీకేమైంది?

మధ్యలో జరిగిన మర్యాదలు కూడా చెప్పాలి. కంప్యూటర్ రిపేరు కుర్రాడు స్క్రీను వైపు సరిగ్గా చూడకుండానే "ఫార్మాట్ కొట్టాలి సార్" అన్నాడు. వాడికి తలనొప్పి వచ్చినా ఫార్మాటే కొడతాడనుకుంటాను. పై ఫ్లాటు ఇంజినీరింగ్ పిల్లాడు ఫైలు పేరు చివర టీఎక్స్‌టీ తీసేసి డాక్స్ అని పెట్టాడు. డాక్స్ అంటే లోపల జిప్ మూట, కొన్ని ఫైళ్ళు కుదించి కట్టింది. పేరు మారిస్తే టెక్స్ట్ ఫైలు జిప్ అవుతుందా? మూట దొరక్క మీరు "ఫైల్ కరప్ట్ అయింది" అని పెద్ద పెట్టె వేశారు. చందాల లిస్టు మీద ఆ మాట! సరిగ్గా అప్పుడే మా కోశాధికారి గారు నా కుర్చీ వెనక నిలబడి ఉన్నారు. ఆయన్ని సముదాయించడానికి రెండు కప్పుల టీ పట్టింది.

చివరికి దారి మీ దగ్గరే ఉంది. సెట్టింగుల్లో అడ్వాన్స్‌డ్ అనే చోట, జనం వేళ్ళు నొప్పెట్టేదాకా కిందికి దిగితే, ఫైలు మార్చే ముందు అడగమనే గడి ఒకటి. దానికి టిక్కు పెట్టాక మీరు అడిగిన ప్రశ్న చూడండి: విండోస్ డిఫాల్టా, ఎమ్మెస్-డాసా, వేరేదా? ఈ కాలంలో చవితి చందాలు డాస్‌లో ఎవరు రాస్తారండీ? వేరేది అంటే అరబిక్‌తో మొదలయ్యే పొడుగాటి జాబితా. అందులో తెలుగు పేరు కనబడింది కదా అని ఇస్కీ తెలుగు (మన దేశం 1991లో ప్రమాణంగా పెట్టుకున్న పాత పద్ధతి) నొక్కితే మళ్ళీ గందరగోళమే. యూనికోడ్ యూటీఎఫ్-8 ఎక్కడో అడుగున ఉంది. అది నొక్కగానే రమణ గారి జ్వరం దిగి, పౌండ్లు పోయి, శుభ్రంగా 1,116 రూపాయల మనిషయ్యారు. ఇంత పనీ వద్దనుకునేవాళ్ళు ఫైలుని నోట్‌ప్యాడ్‌లో తెరిచి, సేవ్ యాజ్‌లో 'యూటీఎఫ్-8 విత్ బామ్' ఎంచుకుంటే మీరే దారికొస్తారు.

కాబట్టి మా కమిటీ విన్నపం ఒక్కటే. చదవడం చేతకానప్పుడు ఫైలు కరప్టని దాని మీదకి తోసెయ్యకండి. "నాకు అర్థం కాలేదు, ఇదేం భాష?" అని అడగండి. చెప్తాం.

ఇట్లు,
కార్యదర్శి

తా.క.: తెరుచుకున్నాక ప్రతి పేరు కిందా ఎర్రగీత పెట్టారు. నేను గమనించకుండా స్క్రీన్‌షాట్ తీసి కాలనీ గ్రూపులో పెట్టాను. ఎర్రగీతలున్నవాళ్ళు చందా బాకీ అనుకుని రమణ గారు రసీదు పట్టుకుని మెట్లు దిగి వస్తున్నారు.