మేం మీ సమాంతర విశ్వం కాదండీ

‘డార్క్ మేటర్’ అనే సీరియల్ మొదటి సీజన్ ఆఖరి ఎపిసోడ్ చూసిన మనవాళ్ళు అమెరికా నుంచి ఎవరు ఫోన్ చేసినా మాట చివరికి ఒక్కచోటికే చేరుతోంది. “నేనూ రాకుండా అక్కడే ఉండిపోయి ఉంటే ఎలా ఉండేవాణ్ణో కదా అత్తయ్యా!” అని మా మేనల్లుడు నిట్టూర్చాడు. నా దగ్గర చదువుకున్నవాళ్ళు అత్తయ్యా అనే చోట మేడమ్ అన్నారు, అంతే తేడా. నేను అమలాపురంలో ఫిజిక్స్ పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. పైగా ఎక్కడికీ వెళ్ళకుండా ఇక్కడే ఉండిపోయినదాన్ని. అందుకని అక్కడున్న మీ అందరి ఈ నిట్టూర్పు మీద నాకు రెండు వైపుల నుంచీ అభ్యంతరం ఉంది.

చూడనివాళ్ళ కోసం కథ నాలుగు ముక్కల్లో చెబుతాను. ముగింపు కూడా చెప్పేస్తున్నాను, తిట్టుకోకండి. ఆపిల్ టీవీ ప్లస్‌లో 2024 మే 8 నుంచి జూన్ 26 దాకా తొమ్మిది ఎపిసోడ్లుగా వచ్చింది. షికాగోలో జేసన్ డెసెన్ అనే ఫిజిక్స్ మేష్టారు, భార్య డానియేలా, టీనేజి కొడుకు చార్లీ. పెద్ద శాస్త్రవేత్త కావాల్సినవాడు పెళ్ళీ పిల్లాడూ వచ్చాక కాలేజీ పాఠాలతో సరిపెట్టుకున్నాడు. ఇంకో విశ్వంలో అదే జేసన్ సంసారం వద్దనుకుని పరిశోధనలో మునిగి, విశ్వాల మధ్య తిరగగలిగే పెట్టె ఒకటి కట్టాడు. అన్నీ సాధించాక ఇల్లు బోసిగా అనిపించింది కాబోలు, వచ్చి మన మేష్టారిని ఎత్తుకుపోయి తన లోకంలో పడేసి, తాను ఈ ఇంట్లో చేరాడు. జోయెల్ ఎడ్జర్టన్ ఇద్దరుగానూ చేశాడు. భుజాలు వాల్చే తీరులోనే ఎవరు ఎవరో తెలిసిపోతుంది. డానియేలాగా జెన్నిఫర్ కానెలీ చేసింది.

మేష్టారు ఎలాగో ఇల్లు చేరాడు. అయితే పెట్టెలో తిరిగినన్నాళ్ళూ అతనూ చీలిపోతూనే ఉన్నాడు. ఒక తలుపు తీసిన జేసన్ ఒకడు, తీయని జేసన్ ఇంకొకడు. వాళ్ళంతా అదే భార్య కోసం, అదే కొడుకు కోసం అదే ఊరికి వచ్చిపడ్డారు. అందరికీ పెళ్ళి గుర్తుంది, చార్లీ పసితనం గుర్తుంది. ఆఖరి ఎపిసోడ్ అంతా ఈ తగువే.

నాకు నచ్చిందీ అదే. మన డబుల్ యాక్షన్ సినిమాల్లో ఏదో ఒక పుట్టుమచ్చ చూసి అసలువాణ్ణి తేల్చేస్తారు. ఇక్కడ తేల్చడానికి ఏమీ లేదు. మా వైపు ఉమ్మడి ఆస్తి పంపకాల్లో కూర్చున్నవాళ్ళకి ఈ ఇబ్బంది తెలుస్తుంది. అన్నదమ్ములందరి హక్కూ సమానం, కొబ్బరితోట మాత్రం ఒక్కటి. ఎవరి మాటా కాదనలేక గట్టు మీద నిలబడ్డ పెద్దమనిషి పరిస్థితి అయింది నాది. తోటనైతే కొలిచి హద్దురాళ్ళు పాతించొచ్చు. మనుషుల్ని ఏం కొలుస్తారు? తగువు తీర్చకుండానే తల్లినీ తండ్రినీ కొడుకునీ పెట్టెలోకి పంపేసి సీజన్ ముగించారు. మా అబ్బాయి దీన్ని ఎగ్గొట్టడం అన్నాడు. నేను ఒప్పుకోను. తీర్పు చెబితే ఫలానా జేసన్ అసలు, మిగతావాళ్ళు నకిలీ అని ఒప్పుకున్నట్టే. అంతవరకూ కట్టుకొచ్చిన కథంతా ఆ ఒక్క మాటతో కూలిపోయేది.

ఇక ఫిజిక్స్ సంగతి. మూసిన పెట్టెలోని పిల్లి, తెరిచి చూసేదాకా బతికీ ఉంది, చచ్చీ ఉంది అనే ష్రోడింగర్ చిక్కు 1935 నాటిది. 1957లో ప్రిన్స్టన్‌లో జాన్ వీలర్ విద్యార్థి హ్యూ ఎవరెట్ దానికి ఒక మొండి జవాబు చెప్పాడు. కొలిచినంత మాత్రాన అన్ని అవకాశాలనూ మోసే తరంగం ఒక్క ఫలితంగా కూలిపోదు, సమీకరణం చెప్పిన ఫలితాలన్నీ జరుగుతాయి, కొలిచేవాడు కూడా వాటితో పాటే చీలిపోతాడు అన్నాడు. పెద్దలు మెచ్చలేదు. కోపెన్‌హేగన్ వెళ్ళి నీల్స్ బోర్‌ను కలిసినా ఫలితం లేకపోయింది. అప్పటికే ఎవరెట్ విశ్వవిద్యాలయాలు వదిలి పెంటగాన్ కోసం లెక్కలు వేసే ఉద్యోగంలో చేరిపోయాడు. 1982లో పోయేనాటికి అతనికి యాభై ఒక్కేళ్ళు. ఈ సిద్ధాంతానికి బహుళ విశ్వాల పేరు తెచ్చి, 1970 ప్రాంతంలో దాన్ని నలుగురిలో పెట్టింది బ్రైస్ డివిట్.

మీరు గమనించాల్సింది ఏమిటంటే, ఇందులో మీ నిర్ణయాలకి ప్రత్యేకమైన పీట ఏమీ లేదు. విశ్వం కొత్త కొమ్మగా చీలడానికి ఒక రేడియోధార్మిక పరమాణువు విచ్ఛిన్నమైతే చాలు. మీరు వీసా ఇంటర్వ్యూకి వెళ్ళాలా వద్దా అని రాత్రంతా టెన్షన్ పడ్డారని విశ్వం పని గట్టుకుని రెండుగా విడిపోదు. చీలిన కొమ్మలు మళ్ళీ ఎదురుపడవు కూడా. ప్రతి వస్తువూ చుట్టూ ఉన్న గాలితో, వెలుతురుతో చిక్కుపడి, ఒక కొమ్మ ఛాయ ఇంకో కొమ్మ మీద పడకుండా పోతుంది. డీకోహెరెన్స్ అని మేం పాఠంలో చెప్పేది దీన్నే. సీరియల్ వాళ్ళు దీన్ని దాటడానికే బయటి ప్రపంచం సోకని పెట్టె పెట్టారు, మెదడును కాసేపు నోరు మూయించే మందు పెట్టారు. కథకి అది చాలు, నాకు పేచీ లేదు. తలుపు తెరిచేవాడి మనసులో ఏముంటే అవతల అలాంటి లోకమే ఉంటుందన్నది మాత్రం ఫిజిక్స్ కాదు. కానీ సీజన్ మొత్తానికి బంగారంలాంటి ఊహ అదే. భయపడుతూ తెరిస్తే భయపడే లోకమే దొరుకుతుంది.

అక్కడే మీ నిట్టూర్పు దొరికిపోతుంది. “ఉండిపోయి ఉంటే” అని మీరు తలుపు తెరిస్తే కనిపించే ఊరు ఏది? రేవులో పంటు, లాకుల దగ్గర ఈతలు, కనుమనాడు జగ్గన్నతోట ప్రభలు. ఆ ఊళ్ళో ఉండిపోయిన మీకు ఇంకా పాతికేళ్ళే, మోకాళ్ళ నొప్పులు లేవు. ఆ ఊరు మీరు రైలెక్కిన రోజు దగ్గరే ఆగిపోయింది. నిజంగా ఉండిపోయినవాళ్ళం మేం ఉన్నాం కదండీ, మమ్మల్ని అడగొచ్చు.

మీరు వెళ్ళాక 1995 జనవరిలో పాశర్లపూడి గ్యాస్ బావి అంటుకుని రెండు నెలలు దాటి మండింది. రాత్రిళ్ళు ఆకాశం ఎర్రగా ఉండేది. మరుసటి ఏడు నవంబరు 6న తుఫాను వచ్చి వెయ్యి మందికి పైగా పోయారు. తోటలకి తోటలు నేలకొరిగాయి. వరి పోతే ఇంకో పంట వేస్తారు. కొబ్బరిమొక్క మళ్ళీ కాపుకి రావాలంటే ఏళ్ళు పడుతుంది, ఆ ఏళ్ళన్నీ ఇంట్లోవాళ్ళు తినాలి, ఆడపిల్లల పెళ్ళిళ్ళు కావాలి. 2011లో ఇదే కోనసీమలో రైతులు పండిస్తే నష్టమే వస్తోందని క్రాప్ హాలిడే ప్రకటించి సార్వా ఊడ్పులు మానేశారు. కాటన్ దొర కాలవలో నీళ్ళుండగా చేను బీడు పెట్టడమంటే మా నాన్నగారి తరానికి ఊహకందని సంగతి. ఇవేవీ వేరే విశ్వంలో జరగలేదు. మీరున్న విశ్వంలోనే, మీ గడియారానికి కొన్ని గంటల తేడాలో జరిగాయి.

గల్ఫ్‌కి వెళ్ళేవాళ్ళు తుఫానుకు ముందూ ఉన్నారు. ఆ తర్వాత అప్పులు తీర్చడానికి కువైట్‌లో ఇళ్ళ పనికి వెళ్ళిన ఆడవాళ్ళని మా చుట్టుపక్కల చాలామందిని ఎరుగుదును. “ఉండిపోయి ఉంటే” అన్న మాట వాళ్ళ నోట నేను వినలేదు. కువైట్ వాళ్ళకి పౌరసత్వం ఇవ్వదు, ఎప్పటికైనా రావాల్సింది ఇక్కడికే. వాళ్ళు ఫోన్ చేస్తే అడిగేది శ్లాబు పడిందా, పిల్ల ఫీజు కట్టారా అని. జేసన్ లాంటి బాధ పడాలంటే కూడా ఒక స్తోమత ఉండాలి.

మీ దారీ మా దారీ విడిపోయిన ఆ చీలికైనా మీ ఒక్కరి నిర్ణయంతో రాలేదు. 1833 కరువులో అల్లాడిన నేల ఇది. ధవళేశ్వరం దగ్గర 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తిచేసిన ఆనకట్ట లేకపోతే ఈ డెల్టాలో కాలవల కింద వరి ఈ తీరున పండేది కాదు. ఆ వడ్ల డబ్బే కాకినాడ ఇంజినీరింగ్ కాలేజీకి ఫీజు కట్టింది. ఇంట్లో ఒక్కరినే పైచదువుకి పంపగలిగిన రోజుల్లో ఆ ఒక్కరూ మీరని తేల్చింది అమ్మానాన్నలు. విమానం టిక్కెట్టుకి చెల్లెలి గాజులు తాకట్టు పెట్టిన ఇళ్ళు నాకు తెలుసు. ఆ చెల్లెలు వెళ్ళిన విశ్వం గురించి మాత్రం ఎవరూ నిట్టూర్చరెందుకో!

సమాంతర విశ్వాలే కావాలంటే మా దగ్గర పెట్టె అక్కర్లేదు. ఎదుర్లంక వంతెన దాటితే చాలు, యానాం. 1954 దాకా ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉండి, ఇప్పుడు పుదుచ్చేరి కింద ఉంది. గౌతమికి అటూ ఇటూ భాష ఒకటే, చుట్టరికాలు ఒకటే, ప్రభుత్వమూ సీసా ధరా మాత్రం వేరు. ఏళ్ళ తరబడి పూర్తికాని కోటిపల్లి–నరసాపురం లైను మీద రైలు నడుస్తున్న విశ్వం కూడా ఎక్కడో ఉండే ఉంటుంది. జేసన్ ఎప్పుడైనా ఆ తలుపు తీస్తే టైంటేబుల్ పట్టుకు రమ్మనండి.

ముగింపులో నాకు బాగా నచ్చిన ఇంకో సంగతి, తలుపు తెరిచే పని చార్లీకి అప్పగించడం. అమ్మానాన్నలిద్దరి బుర్రల్లోనూ పాత లెక్కలు నిండిపోయి ఉన్నాయి. వాళ్ళెవరు తెరిచినా మళ్ళీ పాత ఇల్లే వెతుకుతారు. కుర్రాడికి ఆ పీడ లేదు. మీ పిల్లల్ని సెలవలకి ఇక్కడికి తెచ్చినప్పుడు “నేనిక్కడ ఈదాను, నేనిక్కడ పడ్డాను” అని మీ తలుపే వాళ్ళ చేత తెరిపించకండి. మొన్న వేసవిలో మా మేనల్లుడి కూతురు కాలవ గట్టున రొయ్యల చెరువుల్లో నీటికి గాలి పట్టించే ఏరియేటర్లు చూసి, ఇవి రోజుకి ఎంత కరెంటు తాగుతాయని అడిగింది. వాళ్ళ నాన్నకి తెలియదు. పక్క చెరువు కౌలుదారుడు అరగంట కూర్చోబెట్టి చెప్పాడు.

రెండో సీజన్ ఉంటుందని 2024 ఆగస్టులోనే ప్రకటించారు. కొత్త లోకాలు చూపిస్తారు, ఆ మాటకి చూడొచ్చు. నాకు మాత్రం పెట్టెలోకి వెళ్ళినవాళ్ళ కన్నా షికాగోలో వెనక మిగిలిపోయినవాళ్ళ మీద ఆసక్తి. క్లాసుకి మేష్టారు రాలేదు, బోర్డు మీద సమీకరణం సగంలో ఉంది. పక్కింటివాళ్ళు పోలీసులకి ఫోన్ చేయాలా వద్దా అనుకుంటున్నారు. చార్లీ స్నేహితుడు మెసేజ్ పెట్టి జవాబు కోసం చూస్తున్నాడు. వాళ్ళ మీద ఒక్క ఎపిసోడ్ తీసినా వచ్చిన రోజే చూస్తాను, మా అబ్బాయి అకౌంటులో.