బిల్డ్ సర్వర్‌కి పది నిమిషాలు, కొత్త ఇంజినీరుకి మూడు రోజులు

నోటితో చెబితే చాలు, ఏఐ యాప్ రాసి ఇచ్చేస్తుందంటున్నారు. ఇస్తుంది, కాదనను. కానీ ఆ కోడ్ కొత్త ల్యాప్‌టాప్‌లో బిల్డ్ అవ్వాలంటే, అంటే నడిచే యాప్‌గా తయారవ్వాలంటే, జేడీకే (జావా సరంజామా), ఆండ్రాయిడ్ ఎస్‌డీకే (ఆండ్రాయిడ్ యాప్‌ల సరంజామా), గ్రేడిల్ (బిల్డ్ చేసే పనిముట్టు), యాప్‌ని దేంతో రాశారో ఆ నోడో ఫ్లట్టరో ఒకదానితో ఒకటి పొసగాలి. ఐఫోన్‌కి కూడా అంటే మ్యాక్, అందులో యాపిల్ వాళ్ల ఎక్స్‌కోడ్ సరేసరి. ఈ తంటా పడినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

నేను పనిచేసిన ఒక చోట మొబైల్ టీములో కొత్తగా చేరిన అమ్మాయి మూడో రోజు సాయంత్రం కూడా ‘ఫ్లట్టర్ డాక్టర్’ (సెటప్‌లో ఏం తక్కువైందో చెప్పే కమాండ్) కొట్టి స్క్రీన్ వంక చూస్తూ కూర్చుంది. ఆండ్రాయిడ్ వరుస దగ్గర పసుపు గుర్తు: కమాండ్ లైన్ టూల్స్ లేవట. ఆండ్రాయిడ్ స్టూడియో (యాప్‌లు రాసే ప్రోగ్రాము) ఎక్కించినంత మాత్రాన అవి రావు. ఎస్‌డీకే మేనేజర్‌లో ఇంకో ట్యాబ్‌కి వెళ్లి టిక్కు పెట్టాలి. తర్వాత లైసెన్సులకి వరసగా ‘వై’ నొక్కాలి. అదీ అయ్యాక, జావా 17 కావాలి, నీ దగ్గర 11 ఉంది అని ఎర్రక్షరాలు. 2023లో వచ్చిన ఆండ్రాయిడ్ గ్రేడిల్ ప్లగిన్ 8 నుంచి 17 తప్పనిసరి. ఆ ప్రాజెక్టు రీడ్‌మీ (సెటప్ ఎలా చెయ్యాలో మనుషుల కోసం రాసిన ఫైలు) ఇంకా 11 దగ్గరే ఆగింది. పక్క సీటు నుంచి సలహా వచ్చింది: “సెటప్ తెలిసిన అన్న లీవులో ఉన్నాడు, సోమవారం వస్తాడు, ఆగు.”

ఒళ్లు మండే సంగతి వేరే ఉంది. ప్రాజెక్టు కోడంతా ఉండే అదే రిపాజిటరీలో సీఐ ఫైలు ఉంది: బిల్డ్ సర్వర్ తనంతట తనే యాప్ తయారుచెయ్యడానికి రాసిన మెట్లు. ఎవరు కోడ్ పుష్ చేసినా (అందులోకి పంపినా) ఒక కొత్త మెషీన్ ఆ ఫైలు చదువుకుని, సరైన జావా తెచ్చుకుని, లైసెన్సులు ఒప్పేసుకుని, పది నిమిషాల్లో ఏపీకే (ఫోన్లో ఎక్కించే యాప్ ఫైలు) చేతిలో పెడుతోంది. అంటే సెటప్ ఎలా చెయ్యాలో ఆ టీముకి తెలుసు, పొల్లుపోకుండా రాసి కూడా పెట్టింది. రాసింది మెషీన్ కోసం! మనిషికి మాత్రం ఎవరూ ముట్టని రీడ్‌మీ, ఒక అన్న ఫోన్ నంబరు. ఆ మెట్లనే సెటప్ స్క్రిప్టులోకి (కమాండ్లు వరసగా రాసిన ఫైల్లోకి) తీసి, ల్యాప్‌టాప్‌లోనూ సీఐలోనూ అదే నడిపిస్తే, ప్రతి పుష్‌కీ దానికి పరీక్ష జరిగినట్టే. చెడితే ఆ పూటే బయటపడుతుంది. రీడ్‌మీ చెడిన సంగతి కొత్తవాళ్లు చేరిన రోజున గానీ తెలియదు. గ్రేడిల్ రాపర్ ఏళ్లుగా చేస్తున్నదిదే: వెర్షన్ ఒక చిన్న ప్రాపర్టీస్ ఫైల్లో ఉంటుంది, ఆ ఫైలు కోడ్‌తో పాటే తిరుగుతుంది, ఎవరు నడిపినా అదే గ్రేడిల్ దిగుతుంది. ఫ్లట్టర్ వెర్షన్ కట్టెయ్యడానికి ఎఫ్‌వీఎం, మ్యాక్‌లో మిగతా సరంజామా జాబితాకి బ్రూఫైల్ ఉండనే ఉన్నాయి.

చేత్తో చేస్తేనే నేర్చుకుంటారు అనే పెద్దలున్నారు. పాత్ వేరియబుల్ (ఏ ప్రోగ్రాము ఏ ఫోల్డర్లో ఉందో సిస్టమ్‌కి చెప్పే సెట్టింగు) కోసం మూడు గంటలు తడుముకుంటే ఏం వస్తుందో నాకైతే అంతుపట్టదు. నేర్చుకోవాలనుకుంటే స్క్రిప్టు తెరిచి చదువుకోవచ్చు. యాపిల్ ఖాతా లాగిన్ లాంటివి చేత్తోనే చెయ్యాలి, అంతవరకు ఒప్పుకుంటా.

దీని వెనక నాకు కనిపించేది మన పాత జబ్బు. ఫలానా గుమస్తా సెలవు పెడితే మండలాఫీసులో ఫైలు కదలదు. తెలిసిందంతా కాగితం మీద పెట్టేస్తే ఇక ఆయన్ని అడిగేదెవరు? సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఏసీ ఉంటుంది, కుర్చీ గుండ్రంగా తిరుగుతుంది, అంతే తేడా. దెబ్బ పడేది ఏ అన్నా తెలియని వాళ్లకి. హాస్టల్ వైఫై మీద, 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్‌తో, ఒక్కతే కుస్తీపట్టే బీటెక్ అమ్మాయికి. కాలేజీ ల్యాబ్‌లో అన్నీ ముందే ఎవరో ఎక్కించి ఉంచుతారు. సొంత ల్యాప్‌టాప్‌లో మొదలుపెడితే, విండోస్ యూజర్ ఫోల్డర్లో ఇంటిపేరుకీ పేరుకీ మధ్య ఖాళీ ఉందని ఎన్‌డీకే (ఆండ్రాయిడ్‌లో సీ, సీ++ కోడ్‌కి వాడే సరంజామా) మొరాయిస్తుంది. ఎస్‌డీకేని ఖాళీల్లేని ఫోల్డర్లోకి దించమని స్క్రిప్టులో ఒక్క లైను ఉంటే ఆ గొడవే లేదు. ఆ లైను రాయాల్సిన అన్న సోమవారం వస్తాడట.