తాబేలు బొమ్మ సరే, నకివుబో కాలువ సంగతేంటి?

మొన్న ఉగాదికి ఇక్కడ ఉగాండాలోని కంపాలాలో మన తెలుగువాళ్ల పిల్లలకు పర్యావరణం మీద డ్రాయింగ్ పోటీ పెట్టాం. 14 బొమ్మలొస్తే 11 బొమ్మల్లో సముద్రమే. ప్లాస్టిక్ మింగిన తిమింగలాలు, ముక్కులో స్ట్రా ఇరుక్కున్న తాబేలు. ఫస్ట్ ప్రైజ్ తాబేలుకే ఇచ్చాం, జడ్జీల్లో నేనూ ఒకణ్ణి. బొమ్మ నిజంగానే బాగుంది. ఇంటికొచ్చాక గానీ తట్టలేదు, ఉగాండాకు సముద్రమే లేదని.

మనకున్నది విక్టోరియా సరస్సు. కంపాలా మురుగులో చాలా భాగం నకివుబో కాలువలో పడి, ఓవినో మార్కెట్ పక్కగా, బుగోలోబి మీదుగా ఆ సరస్సులోని మర్చిసన్ బే అనే చిన్న అఖాతానికి చేరుతుంది. అదే బే ఒడ్డున గబా దగ్గర మన కుళాయి నీళ్లు తోడతారు. ఒకప్పుడు మధ్యలో ఉన్న చిత్తడి నేలలోని పాపిరస్ ఆ మురికిని చాలావరకు పట్టేసేది. ఇప్పుడక్కడ ఎక్కువగా చేమదుంప మళ్లు, గోడౌన్లు.

కాలువలో ఏం పడేసినా చివరికి సముద్రంలో కలిసిపోతుందిలే అనుకుంటూ పెరిగినవాళ్లం మనం. ఇక్కడ ఆ మాట చెల్లదు. ఈ సరస్సులోకి వచ్చే నీళ్లలో ఎక్కువ భాగం వానే, బయటికి పోయేదాంట్లో ఎక్కువ భాగం ఆవిరే. జింజా ఊరి దగ్గర సరస్సులోంచి బయల్దేరే నైలు నది పట్టుకుపోయేది కొంతే. ఆవిరితో పాటు సబ్బు నురగ పోదు కదా.

కృష్ణా కాలువల పక్కన పుట్టినవాళ్లకు గుర్రపు డెక్క గురించి నేను చెప్పక్కర్లేదు. 1990ల్లో అది ఇక్కడి రేవుల్ని కప్పేసింది, పడవలు కదల్లేదు, జింజా కరెంటు ప్లాంటుకూ అడ్డం పడింది. దాన్ని తినే పురుగుల్ని వదిలాక తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. మన మురుగే దానికి ఎరువు.

పోటీ అయిన వారం, రాత్రంతా వాన పడిన ఒక శనివారం పొద్దున మా అమ్మాయిని తీసుకుని కాలువ దగ్గరికి వెళ్లాను. కవేరాలు (ఇక్కడ ప్లాస్టిక్ సంచుల్ని అలాగే అంటారు), నీళ్ల సీసాలు, ఒంటి చెప్పు కొట్టుకొస్తున్నాయి. గట్టు మీద మరబూ కొంగ ఒకటి ఒక సంచీని తీరిగ్గా చింపుతోంది. పల్చటి కవేరా మీద 2007 నుంచీ నిషేధం ఉంది, పేరుకి. మన సింకు నీళ్లు కూడా ఇందులోకేనా నాన్నా, అంది. నాకు తెలియదు. ఇంటి ఓనర్ని అడిగితే సెప్టిక్ ట్యాంకుందన్నాడు. చివరిసారి ఎప్పుడు ఖాళీ చేయించారంటే నవ్వేశాడు.

వచ్చే ఏడు రంగుపెన్సిళ్లు పక్కనపెట్టి పిల్లల్ని ఆ కాలువ వెంట నడిపిద్దామంటాను. తల్లిదండ్రులూ రావాలి. కవేరా పారేసేది పిల్లలొక్కరే కాదు. ఆ ఉగాది భోజనాలయ్యాక థర్మాకోల్ ప్లేట్లు ఆరు సంచులు అయ్యాయి, కట్టిందీ నేనే. అవి ఎక్కడికి పోయాయో కనుక్కోలేదు.

ఈ చవితికి మట్టి వినాయకుడే, నిమజ్జనం టబ్బులోనే అని కమిటీలో అడిగాను. సరస్సు ఒడ్డున ఫొటోలు బాగా వస్తాయని కొందరి బాధ. ఇంకా తేలలేదు.