ఏజెంట్ వాడకం పట్టికను బిల్లుగా చదవకూడదు

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం వైపు తెలుగువారి వాట్సాప్ గ్రూపుల్లో కొంతకాలంగా ఒక సందేశం తిరుగుతోంది. ప్రోగ్రాములు రాసి, సరిచేసిపెట్టే క్లాడ్ కోడ్ అనే ఏఐ ఏజెంట్‌ను పనిలో వాడేవారు ‘సీసీయూసేజ్’ అనే ఉచిత టూల్‌ను ఒక్క కమాండ్‌తో నడిపితే ఎంత బిల్లు వస్తుందో పైసలతో సహా తెలుస్తుందని, మొదటినుంచి చేసిన వాడకమంతా అందులో కనిపిస్తుందని, ఆఫీసులో ఎవరు ఎక్కువ పని చేశారో టోకెన్లనుబట్టి (అంటే మోడల్ చదివే, రాసే పాఠపు ముక్కల లెక్కనుబట్టి) తేల్చవచ్చని, తెలుగులో అడిగితే మూడు రెట్లు ఖర్చని, పైగా మన సమాచారం ఎక్కడికీ పోదని దాని సారాంశం. టూల్ మంచిదే. దాని నెత్తిన లేనిపోని బాధ్యతలు పెట్టింది ఈ సందేశమే.

ముందుగా బిల్లు మాట. క్లాడ్ కోడ్ ప్రతి సెషన్‌నూ మన కంప్యూటర్‌లోనే జేసన్‌ఎల్ అనే రకం లాగ్ ఫైళ్లుగా రాసిపెట్టుకుంటుంది. సీసీయూసేజ్ ఆ ఫైళ్లను చదివి, టోకెన్లను కూడి, లైట్‌ఎల్‌ఎల్‌ఎం అనే ప్రాజెక్టువారు ఉంచే ఏఐ మోడళ్ల ధరల పట్టికతో హెచ్చవేసి డాలర్ల అంకె చూపిస్తుంది. క్లాడ్‌ను తయారుచేసే ఆంత్రోపిక్ కంపెనీ బిల్లింగ్ ఖాతాను అది చూడనే చూడదు. నెలకు 20 డాలర్ల ప్రో చందా కట్టేవారికి ఆ పట్టికలో 140 డాలర్లు కనిపించినా ఆశ్చర్యం లేదు. అదే వాడకం ఏపీఐ ద్వారా, అంటే చందా కాకుండా వాడినన్ని టోకెన్లకు కట్టే పద్ధతిలో జరిగి ఉంటే సుమారుగా అంత అయ్యేదని మాత్రమే దాని అర్థం. పర్లాకిమిడిలో అకౌంట్ల ఆఫీసు నడిపే మా బావగారు ఆ అంకె చూసి, “ఇదంతా కార్డులోంచి కోసేస్తారా బావా?” అని కంగారుపడ్డారు. ఇక నిజంగా ఏపీఐకి డబ్బు కట్టేవారి విషయానికి వస్తే, పన్నులు, బ్యాంకు వేసే విదేశీ మారకపు రుసుము ఆ లెక్కలోకి రావు గనుక ‘పైసలతో సహా’ అన్న మాట వారి విషయంలోనూ నిలవదు.

పట్టికలో అన్నిటికంటే ఎక్కువగా తప్పుదోవ పట్టించేది మొత్తం టోకెన్ల గడి. ఒక రోజు వరుసలో ఇన్‌పుట్ 2 వేలు, ఔట్‌పుట్ 15 వేలు, కాష్ క్రియేట్ (మళ్లీ వాడేందుకు దాచిపెట్టినవి) 3 లక్షలు, కాష్ రీడ్ (అలా దాచినవాటిని తిరిగి చదివినవి) 1 కోటి 20 లక్షలు ఉన్నాయనుకుందాం. సోనెట్ 4 అనే క్లాడ్ మోడల్ ధర 2025లో 10 లక్షల టోకెన్లకు ఇన్‌పుట్ అయితే 3 డాలర్లు, ఔట్‌పుట్ అయితే 15 డాలర్లు ఉండేది. ఐదు నిమిషాల కాష్‌లో రాయడానికి ఇన్‌పుట్ ధరకు 1.25 రెట్లు, కాష్ నుంచి తిరిగి చదవడానికి ఇన్‌పుట్ ధరలో పదో వంతు మాత్రమే పడతాయి. ఆ లెక్కన నాలుగు గడులకూ కలిపి 4.96 డాలర్లు అవుతుంది. ఔట్‌పుట్ తప్ప మిగిలినదంతా మామూలు ఇన్‌పుటే అనుకుని హెచ్చవేసినవారికి 37 డాలర్లు దాటిపోతుంది. ఏజెంట్ ఒక్కో అడుగు వేసినప్పుడల్లా అంతవరకు జరిగిన సంభాషణను, చదివిన ఫైళ్లను మళ్లీ మోడల్ ముందు పెడుతుంది గనుకనే కాష్ రీడ్ కోట్లకు చేరుతుంది. ఈ ఒక్క సంగతి తెలిస్తే స్క్రీన్‌షాట్లలో కనబడే కోట్ల అంకెలకు బెదరనక్కరలేదు.

మొదటినుంచి చేసిన వాడకమంతా కనిపిస్తుందన్నది అసలే నిజం కాదు. క్లాడ్ కోడ్ తన సెషన్ ఫైళ్లను మామూలుగా 30 రోజుల తరువాత తొలగిస్తుంది. ఎక్కువ కాలం ఉంచాలంటే సెట్టింగ్స్ ఫైలులో ఆ గడువును మనమే మార్చుకోవాలి. అలా మార్చనివారు మూడు నెలల లెక్క తీస్తే పాత నెలలు వెలితిగా వస్తాయి, అది చూసి ఈ నెలే ఖర్చు పెరిగిందనుకుంటారు. ఒకే ఖాతాను రెండు కంప్యూటర్లలో వాడితే దేని ఫైళ్లు దానిలోనే ఉంటాయి. బ్రౌజర్‌లో క్లాడ్‌తో జరిపిన సంభాషణ చందా పరిమితిలోంచి ఖర్చవుతుంది గాని ఈ పట్టికకు ఎక్కదు.

టోకెన్లనుబట్టి పనిని కొలవడం, లారీ తాగిన డీజిల్ చూసి దించిన సరుకు ఎంతో చెప్పడం లాంటిది. ప్రోగ్రామును సరిచూసే ఒకే టెస్టు పదేపదే విఫలమై ఏజెంట్ అక్కడక్కడే తిరుగుతూ ఉంటే టోకెన్లు గుట్టపడతాయి. సమస్యను రెండు వాక్యాల్లో స్పష్టంగా చెప్పి, ఏ ఫైలు చూడాలో చూపించి, పని కాగానే కొత్త సెషన్ తెరిచే మనిషి పట్టికలో అడుగున ఉంటాడు. ఆ వరుసను జీతాలకు ముడిపెట్టే యజమాని దుబారాకు బహుమతి ఇస్తున్నట్టే.

తెలుగు విషయంలో సందేశం సగం నిజం పట్టుకుని పరుగెత్తింది. కంప్యూటర్‌లో అక్షరాలను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షర సంకేతం ఒక్కోటి మూడు బైట్లు తీసుకుంటుంది, ఒడియాకూ అంతే. కాని ధర కట్టేది బైట్లకు కాదు, టోకెన్లకు. ఇంగ్లీషుకంటే తెలుగుకు టోకెన్లు ఎక్కువ పడతాయన్నది నిజమే అయినా, ఒడియాలో రసీదులు ముద్రించే ప్రోగ్రామును తెలుగులో అడిగి సరిచేయించుకునే రాయగడ దుకాణదారు టైపు చేసేది నాలుగు వాక్యాలు. ఏజెంట్ చదివే కోడు వేల వరుసలు. నాలుగు వాక్యాలు తెలుగులో ఉన్నంత మాత్రాన మొత్తం మూడింతలు కాదు. రాని ఇంగ్లీషులో అడిగి, ఏజెంట్ అపార్థం చేసుకున్న పనిని మళ్లీ చేయించడమే ఎక్కువ ఖరీదు.

సమాచారం ఎక్కడికీ పోదన్నది టూల్ వరకు సరైన మాటే. అది ధరల పట్టిక కోసం ఇంటర్నెట్‌కు వెళుతుంది, ఆఫ్‌లైన్ ఆప్షన్ పెడితే అదీ ఉండదు. ఏజెంట్ మాత్రం మన ఫైళ్లలోని పాఠాన్ని మోడల్‌కు పంపే పని చేస్తుంది. రెంటినీ కలిపి చెప్పకూడదు.

ఈ టూల్‌ను ఆఫీసులో పెట్టేవారు ముందుగా ఏ ఫోల్డర్ చదువుతోంది, ధర లాగ్‌లోంచి తీసుకుంటోందా, తానే లెక్కిస్తోందా, రోజును ఏ కాలమానంతో విడదీస్తోంది అన్నవి ఒక పుటలో రాసుకోవాలి. లాగ్‌లోని సమయం యూటీసీ (మనకంటే ఐదున్నర గంటలు వెనుక ఉండే ప్రపంచ కాలమానం) గనుక, దాన్ని అలాగే తీసుకుంటే మన అర్ధరాత్రి నుంచి ఉదయం 5:30 వరకు చేసిన పని ముందురోజు ఖాతాలో పడుతుంది. ఆ తరువాత ఒక్క కంప్యూటర్‌లో, విడిగా తీసుకున్న ఏపీఐ కీతో ఒక రోజు పని చేసి, ఆంత్రోపిక్ కన్సోల్‌లో (ఏపీఐ వాడకాన్ని చూపే వెబ్ పేజీలో) కనబడే నాలుగు రకాల టోకెన్లతో పట్టికను సరిచూడాలి. టోకెన్లు కలిసి డాలర్లు కలవకపోతే ధరల పట్టికను అనుమానించాలి. టోకెన్లే కలవకపోతే లాగ్ తెరిచి, ఒకే జవాబు రెండు మూడు వరుసల్లో నమోదైందేమో చూడాలి. మెసేజ్ ఐడీ, రిక్వెస్ట్ ఐడీ రెండూ ఒకటైన వరుసలను ఒక్కసారే లెక్కించాలి.