అటక గారికి ఓ చిన్నకోడలి అర్జీ

గౌరవనీయులైన అటక గారి సముఖానికి,

గోదావరి వశిష్ఠ పాయ పక్కన లంకలో, తమరి కిందే కాపురం చేసుకుంటున్న చిన్నకోడలు నమస్కరించి రాసుకున్న అర్జీ.

విషయం: చేసిన ఏడాదే తినే హక్కు గురించి.

అయ్యా, తమరిని అయ్యా అనాలో అమ్మా అనాలో నాకు తెలీదు. ఎక్కి దిగేది ఆడవాళ్లమే గాని, ఇంటికి ఎవరొచ్చినా "మా తాతగారు వేయించిన అటకండీ, అసలు సిసలు టేకు" అని మామయ్యగారు చూపిస్తారు. పేరొకరిది, పని ఇంకొకరిది కాబట్టి తమరు మగవారే అయ్యుంటారని ఈ సంబోధన.

పంచాంగం ప్రకారం గ్రీష్మం వెళ్లాక వర్షర్తువు, ఆ తర్వాత శరత్తు. మా లంకలో మాత్రం వేసవికీ శరత్తుకీ మధ్య వచ్చేది గోదావరి. అది వచ్చి, చూసి, పెరట్లో ఒండ్రు వదిలి వెళ్లాక ఇంట్లో ఏం మిగిలిందో దింపి చూసుకునే కాలమిది. ఆశ్వయుజం వచ్చింది. ముసురు తెరిపిచ్చింది. సార్వా చేలు పొట్ట మీదున్నాయి. బీరపాదు, ఆనపపాదు కుళ్లిపోయిన చోట మెంతులూ తోటకూర గింజలూ చల్లాం. ఎండ కాస్త పొడిగా తగలగానే అత్తయ్యగారు ఆకాశంకేసి చూసి "నిచ్చెన వెయ్యమ్మా" అన్నారు. వేశాను. మా ఆయన వచ్చి పట్టుకున్నారు, ఒక చేత్తో. రెండో చేతిలో ఫోనుంది.

తమరి మీద ఏమేం ఉన్నాయో తమరికి చెప్పక్కర్లేదు. చింతపండు జాడీలు, మాగాయ, ఆవకాయ, ఊరమిరపకాయలు, మినప వడియాల డబ్బా, ఆముదం పట్టించిన కందులు, వేపాకు కలిపిన పెసలు. వీటి వెనకాల కొన్నప్పటి నుంచీ దాచిన టీవీ అట్టపెట్టె, చక్రం విరిగిన కూలరు, ఎవరెవరివో పెళ్లి శుభలేఖలు. వీటిని ఎందుకు ఉంచుకున్నారని నేను అడగను. నా గొడవ తినేవాటితోనే.

తమరి దగ్గర ఒక చట్టం ఉంది. ఎవరు రాశారో తెలీదు గాని మా అత్తయ్యగారికి కంఠతా వచ్చు. "ముందు పాతది అవ్వాలి, ఆ తర్వాతే కొత్తది." వినడానికి ఎంతో పద్ధతిగా ఉంటుంది. అమల్లో ఏం జరుగుతోందో మాగాయ విషయంలో చెబుతాను.

వేసవిలో పుల్లటి కాయలు చూసి తెప్పిస్తాం. చెక్కు తీసి, టెంక దగ్గరి దాకా ముక్కలు కోసి, ఉప్పూ పసుపూ వేసి జాడీలో పెడతాం. మూడోనాడు ముక్కల్ని పిండి చాప మీద ఎండబెట్టాలి, ఊటని విడిగా పళ్లెంలో పోసి అదీ ఎండలో పెట్టాలి. సాయంత్రానికి ముక్కలు మళ్లీ ఊటలోకి వెళ్లాలి, పొద్దున్నే మళ్లీ చాప మీదకి రావాలి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మా ఇంటి రోలు నిక్షేపంగానే ఉంది, పగిలినవి నా మడమలు. కాకి వస్తే "హుష్" అనడానికి పిల్లల్ని కూర్చోబెడితే, వాళ్లు కాకి తినేదానికంటే ఎక్కువ తినేస్తారు. ముక్క వంచితే విరగకుండా వంగాలి, అదీ పదును. అప్పుడు కారం, మెంతిపిండి, ఆవపిండి పడతాయి. ఇంగువ పోపు చల్లారాక కలిపితే ఆ వాసన వీధి అరుగు దాకా వస్తుంది. వేడన్నంలో ఒక్క ముద్ద కలుపుకుందామని చెయ్యి చాస్తానా, "ఇంకా ఊరలేదమ్మా. పైగా పాత జాడీ ఉందిగా" అంటారు. జాడీకి తెల్లటి గుడ్డతో వాసెన కట్టి, నా చేతనే నిచ్చెన ఎక్కించి, తమరికి అప్పజెబుతారు.

ఆ పాత జాడీ ఎప్పుడవుతుంది? వానల్లో కూరలు దొరకని నాళ్లంతా అదే కదా గతి, ఇక అయిపోయినట్టే అనుకుంటాం. ఈలోగా అడుగున ఇంకో పాత చిన్న జాడీ బయటపడుతుంది. ముక్క నల్లబడిపోయి, నమిలితే దవడ లాగుతూ ఉంటుంది. "దీని రుచే వేరు" అంటారు మామయ్యగారు. వేరే, కాదనను. అది కూడా అయ్యేసరికి మళ్లీ మామిడికాయలొస్తాయి. అప్పటికి మొన్నటి కొత్త మాగాయ చట్టప్రకారం పాతదైపోయి కిందకి దిగుతుంది, దాని చోట్లోకి కొత్తది ఎక్కుతుంది.

చింతపండుదీ అదే కథ. మన్యం నుంచి వచ్చినప్పుడు ఎంత ఎర్రగా, మెత్తగా ఉంటుంది! పిక్కలు తీసి, ఈనెలు లాగి, ఉప్పు వేసి, జాడీలో పిడికిలితో కూరి పెడతాం. అది తమరి దగ్గర కూర్చుని నల్లబడే దాకా నిరుటి నల్లదాంతో పులుసు. ఎర్రటి చింతపండు పులుసు నేను మా పుట్టింట్లో తిన్నాను. ఈ ఇంట్లో దాన్ని ఎండబెట్టడం వరకే నాకు హక్కు.

కాబట్టి అయ్యా, లెక్క ఇలా తేలింది. ఈ ఇంట్లో నిరుటిది తింటాం, వచ్చే ఏటికి దాస్తాం. ఈ ఏడాది అనేది మాకు పని చేయడానికి మాత్రమే వస్తుంది.

ఉన్న మాట చెప్పాలి గనక, బియ్యం దగ్గర తమరిది న్యాయమే. కొత్త బియ్యం వండితే ముద్దవుతుంది, పిల్లలకి కడుపునొప్పులు. పాతబడ్డాక మెతుకు మెతుకూ విడిగా ఉంటుంది, గిన్నె నిండా ఒదుగుతుంది. కందులకి ఆముదం పట్టిస్తే పురుగు గుడ్డు పెట్టదు, అదీ బాగానే ఉంది. కానీ ఒక విషయం తమరి దృష్టికి తేవాలి. కింద కట్టెల పొయ్యి మండిన రోజుల్లో పొగంతా తమరికే తగిలేది, పురుగు పైకొచ్చేది కాదు. గ్యాసొచ్చాక పొగ మానేసింది, తమరు మాత్రం పాత హోదాలోనే ఉన్నారు. ఆ పొగ చేసే పని ఇప్పుడు నేనూ అత్తయ్యగారూ చేటలు పట్టుకుని చేస్తున్నాం. ముక్కుపురుగు పట్టిన బియ్యం ఎండలో పోస్తే పురుగులన్నీ బారులు తీరి నీడలోకి నడిచి వెళ్తాయి. ఈ ఇంట్లో ఎండకి నీడకెళ్లే స్వేచ్ఛ వాటికే ఉంది.

కురిడీ సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే అది మామయ్యగారి శాఖ. కొబ్బరి దింపు తీసినప్పుడు ముదురు కాయలు ఏరి తమరి మీదకి చేరుస్తారు. ఎనిమిది నెలలో, ఏడాదో అలా వదిలేస్తే లోపలి నీళ్లు ఇంకిపోయి, కొబ్బరి గుండుగా విడిపోయి, ఊపితే గలగలలాడుతుంది. దసరా దగ్గరపడిందంటే ఉత్తరాది నుంచి గిరాకీ. అంబాజీపేటలో ధర ఎంతుందని పొద్దుటి నుంచీ ఫోన్లే. మామయ్యగారు పడక్కుర్చీలో కూర్చుని ఒక్కో కాయా చెవి దగ్గర ఆడించి "అయింది", "అవలేదు" అని తీర్పు చెబుతారు. "అయింది" అన్నవి సంచిలోకి, "అవలేదు" అన్నవి నా చేతికి, మళ్లీ పైకి. ఏమీ చెయ్యకుండా పడుంటే ధర పెరిగేవి ఈ ఇంట్లో రెండే: కురిడీ ఒకటి, మా బావగారి ఇళ్ల స్థలం ఇంకొకటి.

వరదలో తమరు చేసిన మేలు మరిచిపోయానని అనుకోవద్దు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులుంటే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఇవి మా పిల్లలకి ఎక్కాల కంటే ముందొచ్చాయి. టీవీలో క్యూసెక్కులు వినడం మగవాళ్ల వంతు. మొదటి హెచ్చరికకి మామయ్యగారు "ఇదో వరదా!" అంటారు. 1986 ఆగస్టులో దాదాపు 35 లక్షల క్యూసెక్కులు చూసినవారు, ఆ మాట అనే హక్కు ఆయనకుంది. అప్పుడు ఇంటిల్లిపాదీ తమరి మీదే కూర్చుని అటుకులు తిన్నారట. 2022 జూలైలో 25 లక్షలు దాటినప్పుడు కూడా "చూద్దాం" అనే అన్నారు. ఆయన చూస్తూ ఉంటారు, మేం మోస్తూ ఉంటాం. మొదటి హెచ్చరికకి కింద మిగిలిన జాడీలు, రెండోదానికి బియ్యం బస్తాలు, మూడోదానికి మనుషులు. ఈ వరసని ఇంతవరకూ ఎవరూ ప్రశ్నించలేదు. పడవలో శిబిరానికి వెళ్లేటప్పుడు అత్తయ్యగారు వెనక్కి తిరిగి చూసింది కూడా తమరికేసే.

తమరి చట్టానికి దొరకనిది ఒక్క పులసే అని మురిసిపోయేదాన్ని. ఎర్రనీళ్లకి ఎదురీది వచ్చే చేప, దాన్ని ఏ అటక మీదా దాచలేరు కదా. పుస్తెలమ్మైనా తినాలన్న చేప ఏడాదికోసారి కొంటారు, మట్టి దాకలో సన్నటి సెగ మీద పులుసు పెడతాం, దించేముందు ఆవకాయ మీది నూనె ఓ గరిటెడు వేస్తాం. (ఆ నూనె కూడా పాత జాడీదే.) కంచాలు పెట్టబోతుంటే మామయ్యగారు చెయ్యి అడ్డం పెడతారు: "పులస పులుసు మర్నాడు తినాలమ్మా!" ఆ రాత్రి పప్పుచారుతో సరిపెట్టుకుంటాం. అసలు తమరు పైన లేరండి, వీళ్ల నోట్లోనే ఉన్నారు.

ఇక అసలు ఫిర్యాదుకి వస్తున్నాను.

దసరాకి హైదరాబాద్ నుంచి బావగారూ అక్కా పిల్లలూ కారులో వస్తారు. వేసవిలోనూ వచ్చారు, రసాలు తిన్నారు, సరిగ్గా మాగాయ ముక్కలు ఎండబెట్టే నాటికి సెలవులైపోయాయి. ఇప్పుడు రాగానే బావగారు పెరడంతా తిరిగి, ఒండ్రు మట్టి పిడికిట్లో నలిపి "అంతా ఆర్గానిక్" అంటారు. "లైఫంటే మీదిరా" అని మా ఆయన భుజం తడతారు. రిటైరవ్వగానే వచ్చేస్తారట, గేదెని కూడా పెడతారట. నిచ్చెన రెండు మెట్లెక్కి, తమరి మీద చెయ్యి వేసి, ఫొటో తీయించుకుని దిగుతారు. ఆ ఫొటో కింద ఏం రాసుకున్నారో చూశాను: "మా ఇంట్లో ఏదీ కొనరు." చింతపండు మోపెడు డబ్బు పోసి కొన్నామన్న సంగతి, కారం పట్టించిన మిల్లువాడికి ఇంకా బాకీ ఉన్న సంగతి ఆయనకెవరు చెబుతారు?

మర్నాడు ప్రయాణం. అప్పుడు జరుగుతుందండీ వింత. ఇన్ని నెలలుగా అత్తయ్యగారి నోట ఆవగింజంత సడలని చట్టం "పాపం, వాళ్లకి అక్కడ దొరకదు" అన్న ఒక్క మాటతో రద్దయిపోతుంది. కొత్త మాగాయ వాసెన ఊడుతుంది. ఎర్రటి చింతపండు కవర్లోకి వెళ్తుంది. ఆత్రేయపురం నుంచి తెప్పించి దాచిన తాండ్ర చుట్టలు చుట్టలుగా డిక్కీలోకి. ఇవన్నీ పట్టుకెళ్లడానికి వాళ్లు తెచ్చుకున్నవి ఖాళీ ప్లాస్టిక్ డబ్బాలు, వాటికి మూతలు మాత్రం మేమే వెతకాలి. అక్క మంచిదే, "నువ్వు కూడా ఉంచుకో" అంటుంది. అత్తయ్యగారే అందుకుంటారు: "దానికేమే, ఇక్కడే ఉంటుందిగా, ఎప్పుడైనా తింటుంది." నేను ఉండటం ఇక్కడే గాని, జాడీలు అక్కడికి వెళ్తున్నాయే! కారు గట్టెక్కి మలుపు తిరిగాక, ఆ రాత్రి అన్నంలోకి పాత జాడీ అడుగున ఉన్న నల్ల ముక్క.

అందుచేత తమరిని కోరేది పెద్దగా ఏం లేదు. చట్టం మార్చమనను, ఒక చిన్న సవరణ చేయండి. ఏది చేసినా, చేసినవాళ్లు కడుపునిండా ఓ పూట తిన్నాకే పైకెక్కాలి. ఆ పైన పాతదే తినమంటే తింటాను, నల్లబడ్డ ముక్క నమలడానికి నా దవడలకి అలవాటైపోయింది. రెండోది, దసరా సడలింపు నడిపేటప్పుడు కారు నంబరు చూసి కాకుండా, ఎండలో నిలబడ్డవాళ్ల మొహం చూసి నడపండి.

తమరి దగ్గర్నుంచి జవాబు రాదని తెలుసు. అందుకే మొన్న వేసవిలోనే ఓ అరసేరు మాగాయ పైకి పంపకుండా, వంటింట్లో ఉప్పుజాడీ వెనకాల పెట్టేశాను. నిన్న అది కంచంలో వడ్డించాను, ఏమీ చెప్పకుండా. అత్తయ్యగారు ఒక ముక్క నోట్లో వేసుకుని నాకేసి చూశారు. "ఇంకా ఊరాలి" అన్నారు. అని, రెండో వాయి అన్నంలోకీ అదే కలుపుకున్నారు. మామయ్యగారు తలెత్తకుండా "ఇది ఏనాటిదే?" అని అడిగారు. "పాతదేనండీ" అన్నారు అత్తయ్యగారు.

ఇట్లు,
తమరి విధేయురాలు,
చిన్నకోడలు

తా.క.: కార్తీకంలో కొబ్బరితోటలో సమారాధన ఉంది. పెద్ద గంగాళం కావాలి. అది తమరి ఈశాన్యం మూల, కూలరు వెనకాల ఉందని అత్తయ్యగారంటారు, కాదు పాలవెల్లి పక్కనే ఉందని మామయ్యగారంటారు. గంగాళంలో పిల్లి పిల్లల్ని పెట్టిందని మా చిన్నాడు అంటున్నాడు. ఎవరి మాట నిజమో నేను ఎక్కే లోపల తమరే తేల్చండి, పిల్లైతే ముందుగా ఖాళీ చేయించండి. ఈసారి నిచ్చెన రెండు చేతులా పట్టుకుంటానని మా ఆయన మాటిచ్చారు, ఫోను చార్జింగులో ఉందట.