గిన్నెలోని జెమ్మాలను మరిచిపోయారు

లివర్‌వర్ట్‌ల (తడి నేలను అంటుకుని పెరిగే, పువ్వులు లేని చిన్న మొక్కల) మీద మీ వ్యాసం బాగుంది. కానీ అవి సిద్ధబీజాలతోనే (విత్తనాల పని చేసే, పొడిలాంటి సన్నటి కణాలతోనే) సంతతి పెంచుకుంటాయని రాశారు, అది సగమే నిజం. మార్కాంటియా అనే లివర్‌వర్ట్‌నే తీసుకోండి. ఊటీలో ఒక నర్సరీ కుండీలో దాన్ని దగ్గరగా చూశాను. పచ్చటి పలకలాంటి మొక్క మీద శనగగింజ కన్నా చిన్న గిన్నెలు, వాటి నిండా ఆకుపచ్చ బిళ్లలు. అవే జెమ్మాలు. వేలితో ఒక నీటి చుక్క వేస్తే చాలు, నాలుగైదు ఎగిరి పక్క కుండీలో పడ్డాయి! వాన చేసే పనీ ఇదే. గిన్నెలో ఉన్నంతసేపూ జెమ్మా నిద్రలోనే ఉంటుంది. తడి నేల మీద పడ్డాక, వెలుతురు తగిలిన వైపు పైభాగం అవుతుంది, రెండో వైపు నుంచి వేళ్లలాంటి పోగులు దిగుతాయి. అలా వచ్చే మొక్క అచ్చం తల్లిలాగే ఉంటుంది. ఆడదైతే ఆడదే, మగదైతే మగదే.

లైంగిక పద్ధతిలో ఆడ, మగ మొక్కలు వేరువేరు. వాటి మీద చిన్న గొడుగుల్లాంటి భాగాలు లేస్తాయి. మగ గొడుగు గుండ్రటి పళ్లెంలా, ఆడది వేళ్లు చాచిన అరచేతిలా ఉంటుంది. పురుషబీజాలకు రెండు కశాభాలు (ఈదడానికి తోకల్లాంటి పోగులు) ఉంటాయి, తడి లేనిదే ఈదలేవు. ఫలదీకరణ తర్వాత ఆడ గొడుగు కింద వేలాడే చిన్న పసుపు సంచుల్లో సిద్ధబీజాలు తయారవుతాయి. వాటి మధ్య ఉండే స్ప్రింగ్‌లాంటి పోగులు ఆరేకొద్దీ మెలి తిరిగి వాటిని చెదరగొడతాయి.

మాసెస్ (లివర్‌వర్ట్‌లకు దగ్గరి నాచు మొక్కలు) గురించి రాసేటప్పుడు ఇంకోటి చేర్చండి. వాటి పురుషబీజాలను స్ప్రింగ్‌టెయిల్ అనే చిన్న పురుగులూ మోసుకెళ్తాయని 2006లో ప్రయోగాల్లో తేలింది. పిల్లలకు ఇది తప్పకుండా చెప్పాలి.